దయకు శిక్షణ, దీనునికి హక్కు
ఫోర్డమ్ విశ్వవిద్యాలయ మానవతా సంస్థ కృషిపై ఒక పరిశీలన

అమెరికాలోని న్యూయార్క్ నగరంలో రోమన్ కాథలిక్ సంప్రదాయానికి చెందిన ఫోర్డమ్ విశ్వవిద్యాలయం ఉన్నది. 2001 డిసెంబరులో ఆ విశ్వవిద్యాలయం 'అంతర్జాతీయ మానవతా వ్యవహారాల సంస్థ' అనే పేరుతో ఒక విద్యాసంస్థను నెలకొల్పింది. యుద్ధాల వల్ల, కరవుల వల్ల, భూకంపాల వల్ల ఇల్లూ వాకిలీ కోల్పోయిన ప్రజలకు సహాయం చేయబోయేవారికి శాస్త్రీయమైన శిక్షణ ఇవ్వడం దాని ఆశయం. అదే విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రానికి సంబంధించిన మరొక విభాగం, లోకంలోని పేదరికాన్ని కొలవడానికి పోపు ఫ్రాన్సిస్ ప్రసంగం ఆధారంగా ఒక కొలమానాన్ని తయారుచేసింది.

ఎక్కడో ఉన్న ఒక కాథలిక్ విద్యాపీఠం పనితో తెలుగు ముస్లిం పాఠకునికి ఏమి సంబంధమన్న ప్రశ్న రావచ్చు. సంబంధం చాలా దగ్గరిది. ఐక్యరాజ్య సమితి కాందిశీకుల సంస్థ లెక్క ప్రకారం 2024 చివరి నాటికి బలవంతంగా ఇల్లు విడిచి పోవలసి వచ్చినవారి సంఖ్య 12 కోట్ల 32 లక్షలు. అందులో సూడాన్, సిరియా, అఫ్గానిస్తాన్ ప్రజలే మొదటి వరుసలో ఉన్నారు. ఈ మూడు దేశాలలోనూ అత్యధికులు ముస్లిములు. అంటే ఫోర్డమ్ తరగతి గదిలో బోధించబడేది చాలావరకు ముస్లిముల కష్టాన్ని గురించిన పాఠమే. తమ కష్టాన్ని గురించి ఇతరులు వ్రాసిన పాఠ్యగ్రంథాన్ని చదవడం, తూచడం, తప్పొప్పులు చెప్పడం ముస్లిం విద్యావంతుల బాధ్యత.

ఇటువంటి పరిశీలనలో రెండు తప్పుదారులున్నాయి. క్రైస్తవులు చేసే సేవ యావత్తూ మతమార్పిడికి వేసిన వల అని కొట్టిపారేయడం ఒకటి. వారు ఇంత చేశారు, మనవారు ఏమీ చేయలేదని నిట్టూర్చి ఊరకుండడం రెండవది. రెండింటిలోనూ ఆలోచించవలసిన శ్రమ తప్పిపోతుంది. సంస్థ ఏమి సాధించింది, దాని సిద్ధాంతంలో లోపం ఎక్కడ ఉన్నది, ఆ లోపాన్ని చూపించగల ఇస్లామీయ విజ్ఞానాన్ని ముస్లిములు ఏ మేరకు ఆచరణలో పెట్టారు అన్నవే అసలు ప్రశ్నలు.

సంస్థ పూర్వరంగం

ఫోర్డమ్ కాందిశీకుల చరిత్రతో ముడిపడిన విశ్వవిద్యాలయం. 1841లో దానిని స్థాపించిన జాన్ హ్యూజ్ అనే మతాధికారి స్వయంగా ఐర్లండు నుండి వలస వచ్చినవాడు. తరువాత నాలుగేళ్లకే ఐర్లండులో మహాక్షామం ప్రారంభమైంది. సుమారు 10 లక్షల మంది మరణించారు. అంతకంటె ఎక్కువమంది ఓడలెక్కి దేశం విడిచారు. వారిలో ఎందరో న్యూయార్క్ రేవులో దిగారు. కాథలిక్కులన్న కారణంగా నాటి అమెరికాలో వారు అనుమానానికీ అవమానానికీ గురయ్యారు. ఈనాడు ముస్లిం వలసదారులు ఎదుర్కొంటున్న మాటలు చాలావరకు ఆనాడు ఐరిష్ కాథలిక్కులు విన్నవే. ఆ క్షామ సమయంలో, 1847లో, ఉస్మానీ సుల్తాన్ అబ్దుల్ మజీద్ ఐరిష్ ప్రజల సహాయార్థం 1,000 పౌండ్లు పంపిన విషయం చరిత్రలో నమోదై ఉన్నది. ఆకలిగొన్నవాని మతం అడగకుండా ముస్లిం పాలకుడు చేయిచాచిన సందర్భమది.

1846 నుండి ఫోర్డమ్ నిర్వహణ జెసూట్ సభ చేతిలోకి వచ్చింది. ఈ సభ భారతీయ ముస్లిములకు కొత్తది కాదు. 1580లో ఫతేపూర్ సిక్రీలో అక్బరు ఆస్థానానికి వచ్చి ఉలమాలతో వాదించినవారు జెసూట్ గురువులే. తెలుగువారికి తెలిసిన విజయవాడ ఆంధ్ర లొయోలా కళాశాల 1953లో వారు స్థాపించినదే. 1980 నవంబరులో ఆనాటి సభాధిపతి పేద్రో అర్రూపే, వియత్నాం నుండి పడవలలో పారిపోతున్నవారి దుస్థితి చూచి, 'జెసూట్ కాందిశీకుల సేవ' అనే సంస్థను ప్రారంభించాడు. 1945లో హిరోషిమాపై అణుబాంబు పడినప్పుడు ఆ నగరం అంచున ఉండి గాయపడినవారికి చికిత్స చేసినవాడు ఈ అర్రూపేయే. కాబట్టి ఫోర్డమ్ సంస్థకు వెనుక ఒక పాత సంప్రదాయం ఉన్నది. 2001లో అది హఠాత్తుగా ఆకాశం నుండి ఊడిపడలేదు.

మతమార్పిడి సందేహం విషయంలో ఒక మాట. 1994లో రెడ్‌క్రాస్ సంస్థలూ, ఇతర స్వచ్ఛంద సంస్థలూ కలిసి ఒక నియమావళిని ఆమోదించాయి. రాజకీయ లేక మత ప్రచారానికి సహాయాన్ని సాధనంగా వాడరాదన్నది అందులో ఒక నియమం. ఈ నియమాన్ని అతిక్రమించినవారు లేరని ఎవరూ అనరు. అతిక్రమణ ఎక్కడ కనిపిస్తే అక్కడ నిదర్శనంతో చూపించాలి. అనుమానం నిదర్శనానికి బదులు కాజాలదు.

వైద్యుని దృష్టి

సంస్థను రూపొందించినవాడు కెవిన్ కాహిల్ (1936–2022). ఉష్ణమండల వ్యాధుల వైద్యుడు. ఫోర్డమ్ పూర్వవిద్యార్థి. 1970 దశకం చివర ఒగాడెన్ యుద్ధం ఫలితంగా సోమాలియాలో వెలసిన కాందిశీకుల శిబిరాలలో పనిచేశాడు. అక్కడి అనుభవం అతనిని ఒక నిర్ణయానికి తెచ్చింది: మంచి మనస్సు చాలదు, విద్య కావాలి. 1992లో ఒక అంతర్జాతీయ మానవతా సహకార కేంద్రాన్ని స్థాపించాడు. 1997లో నెల రోజులపాటు సాగే డిప్లొమా శిక్షణ మొదలైంది. తరువాత నాలుగేళ్లకు ఫోర్డమ్ సంస్థ ఏర్పడింది.

ఈ నిర్ణయం ఎంత సరియైనదో తెలియాలంటే 1994 జూలై, ఆగస్టు నెలలలో కాంగో దేశపు గోమా పట్టణం వద్ద జరిగినది గుర్తుచేసుకోవాలి. రువాండా నుండి లక్షలాదిమంది కొద్ది రోజులలోనే అక్కడికి చేరారు. ప్రపంచం నలుమూలల నుండి సహాయ సంస్థలు పరుగెత్తాయి. అయినా కలరా, అతిసార వ్యాధులతో దాదాపు 50,000 మంది మరణించారు. రాతినేలలో మరుగుదొడ్లు త్రవ్వడం సాధ్యం కాలేదు. శుభ్రమైన నీరు సకాలంలో అందలేదు. వచ్చినవారిలో అనేకులకు కలరా రోగికి ఎలా ద్రవం ఎక్కించాలో కూడ సరిగా తెలియదు. ఈ విపత్తు తరువాతనే, 1997లో, సహాయ సంస్థలు కనీస ప్రమాణాలను నిర్ణయించే పనికి పూనుకున్నాయి. మనిషికి రోజుకు 15 లీటర్ల నీరు, తలదాచుకోవడానికి 3.5 చదరపు మీటర్ల చోటు, 20 మందికి ఒక మరుగుదొడ్డి — ఇవి వినడానికి చిన్న అంకెలు. కాని శిబిరంలోని పసిబిడ్డ బ్రతకడం, బ్రతకకపోవడం వాటి మీద ఆధారపడి ఉన్నది.

2003లో ఫోర్డమ్ విశ్వవిద్యాలయ ముద్రణశాల కాహిల్ సంపాదకత్వంలో మూడు సంపుటాలు వెలువరించింది. అంతర్జాతీయ మానవతా యాత్రల మౌలికాంశాలు, అత్యవసర సహాయ కార్యకలాపాలు, సంప్రదాయాలూ విలువలూ మానవతా చర్య అన్నవి వాటి విషయాలు. విపత్తులలో విద్యను గురించి 2010లో మరొకటి వచ్చింది. వీటన్నిటి సారాంశం ఒక్కటే: సహాయం ఒక వృత్తి. దానికి పరిభాష, ప్రమాణం, పరీక్ష, జవాబుదారీ ఉండాలి.

ఈ భావం ఇస్లాంకు పరాయిది కాదు. వైద్యం తెలియకుండానే వైద్యానికి పూనుకున్నవాడు కలిగిన నష్టానికి బాధ్యుడని తెలిపే హదీసు అబూ దావూద్, ఇబ్నె మాజా సంకలనాలలో ఉన్నది. ఫుఖహాలు దీని ఆధారంగానే వైద్యుని బాధ్యతను చర్చించారు. సదుద్దేశం తెలియనితనాన్ని కడిగివేయదన్నది దీని తాత్పర్యం. సంకల్పాన్ని బట్టి కర్మకు విలువ అన్న ప్రసిద్ధ హదీసును ఉదహరించి ఏర్పాటు లోపాలను కప్పిపుచ్చుకునే సంఘాలు ఈ రెండవ హదీసును కూడ జ్ఞాపకం ఉంచుకోవాలి. ఈ ఒక్క పాఠానికే ముస్లిములు ఫోర్డమ్ సంస్థకు కృతజ్ఞత చెప్పవచ్చు.

పేదరికపు కొలమానం

2015 సెప్టెంబరు 25న పోపు ఫ్రాన్సిస్ ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సమావేశంలో ప్రసంగించాడు. ప్రతి మనిషికీ ఉండవలసిన కనీస భౌతిక అవసరాలతో పాటు ఆత్మిక స్వేచ్ఛ కూడ ఉండాలన్నాడు. దీనిని ఆధారం చేసుకొని ఫోర్డమ్ లోని అంతర్జాతీయ రాజకీయార్థశాస్త్ర విభాగం పోపు పేరిట ఒక పేదరిక సూచిని తయారుచేసింది. అందులో ఏడు అంశాలున్నాయి. నీరు, ఆహారం, గృహం, ఉపాధి భౌతికమైనవి. విద్య, స్త్రీ పురుష సమానత్వం, మతస్వేచ్ఛ ఆత్మికమైనవి.

పేదవాడంటే ఆదాయం లేనివాడని మాత్రమే చెప్పే లెక్కలతో పోల్చితే ఇది ఒక ముందడుగు. ప్రపంచ బ్యాంకు కడు పేదరికపు రేఖను 2015లో రోజుకు 1.90 డాలర్లుగా, 2025లో 3 డాలర్లుగా నిర్ణయించింది. ఆ రేఖకు అటు ఇటు ఉన్నవాడు తన ధర్మాన్ని నిర్భయంగా ఆచరించగలుగుతున్నాడా, తన కుమార్తెను బడికి పంపగలుగుతున్నాడా అన్న ప్రశ్న అందులో లేదు. ఫోర్డమ్ సూచి ఆ ప్రశ్న అడుగుతుంది. ఇమాం గజాలీ (మరణం 1111) షరీఅత్ లక్ష్యాలను ఐదుగా చెప్పారు: ధర్మం, ప్రాణం, బుద్ధి, సంతానం, సంపద — వీటి పరిరక్షణ. తరువాత ఇమాం షాతిబీ (మరణం 1388) ఈ విషయాన్ని విస్తరించారు. మనిషి క్షేమాన్ని కడుపుతో మాత్రమే కొలవరాదన్న విషయంలో ఫోర్డమ్ పండితులూ, ఈ ఇమాములూ ఒకే వైపు నిలుస్తారు.

అయితే గజాలీ పట్టికను ప్రక్కన పెట్టి చూస్తే ఫోర్డమ్ సూచిలో రెండు పెద్ద ఖాళీలు కనిపిస్తాయి.

మొదటిది అప్పు. దివ్య ఖుర్ఆన్ తౌబా సూరా 60వ ఆయత్‌లో జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలు పేర్కొనబడ్డాయి. అందులో అప్పుల పాలైనవారు ఒక ప్రత్యేక వర్గం. వడ్డీని ఖుర్ఆన్ నిషేధించింది. నీరు, ఆహారం, ఇల్లు, పని అన్నీ ఈనాడు ఉండి, రేపటి వాయిదాకు అన్నీ పోగొట్టుకోబోయేవాడు ఏడు అంశాల పట్టికలో పేదవాడుగా కనిపించడు. వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కిన ప్రతి కుటుంబానికీ ఈ సంగతి తెలుసు. విచిత్రమేమంటే కాథలిక్ సంప్రదాయానికి కూడ ఈ విషయం బాగా తెలుసు. మధ్యయుగాలలో చర్చి వడ్డీని నిషేధించింది. 1967లో ఆరవ పాల్ పోపు వెలువరించిన సందేశ పత్రం పేద దేశాల ఋణభారాన్ని ప్రస్తావించింది. తమ గ్రంథాలలోనే ఉన్న అంశాన్ని వదలిపెట్టి తయారుచేసిన సూచి, ఆ మేరకు తమ సంప్రదాయానికే న్యాయం చేయలేదు.

రెండవ ఖాళీ ఇంకా లోతైనది. ఈ సూచి దేశాలను లెక్కిస్తుంది. ఒక్కొక్క దేశానికి ఒక్కొక్క అంకె. దేశం లేనివాని అంకె ఎక్కడ? గృహ సర్వేలు సాధారణంగా ఆ దేశపు కుటుంబాలను ఉద్దేశించి జరుగుతాయి. శిబిరాలలోని గుడారాలు అనేక సందర్భాలలో వాటి వెలుపల ఉండిపోతాయి. 2017 ఆగస్టు 25 తరువాత 7 లక్షలకు పైగా రోహింగ్యా ముస్లిములు బర్మా నుండి బంగ్లాదేశ్‌కు పారిపోయారు. బర్మా వారిని పౌరులుగా గుర్తించదు. బంగ్లాదేశ్ కూడ పౌరులుగా గుర్తించదు. రెండు దేశాల సగటులలో దేనిలోనూ వారి పేదరికం పూర్తిగా కనిపించదు. ఒకే విశ్వవిద్యాలయంలో ఒక విభాగం పేదలను లెక్కిస్తుండగా, మరొక సంస్థ కాందిశీకులను గురించి బోధిస్తుండగా, అందరికంటె పేదవాడైన కాందిశీకుడు ఆ లెక్క సందులలో నుండి జారిపోవడం ఈ సూచి మీద చేయదగిన అత్యంత గంభీరమైన విమర్శ.

ఎవరి మాట వినబడుతున్నది?

కాహిల్ సంపుటాలలో వ్యాసాలు వ్రాసినవారు ఎక్కువగా రాయబారులు, ఐక్యరాజ్య సమితి అధికారులు, వైద్యులు, ఆచార్యులు. అందరూ అనుభవజ్ఞులే. అయినా పుటలు తిరగేసే పాఠకునికి ఒక విషయం స్పష్టమవుతుంది. సహాయం చేసేవాని కష్టనష్టాలు, ధర్మసంకటాలు, భద్రత, మనోవేదన వివరంగా చర్చించబడ్డాయి. సహాయం పొందేవాడు మాత్రం రోగిగా, సంఖ్యగా, ఛాయాచిత్రంగా ఉన్నాడు. వైద్యుని దృష్టితో పుట్టిన విద్యకు ఇది సహజమైన పరిమితి. రోగి బాధ చెప్పుకుంటాడు. మందు నిర్ణయించేది వైద్యుడు.

ముస్లిం పాఠకునికి ఇక్కడ నజాషీ దర్బారు జ్ఞాపకం రాక తప్పదు. మక్కాలో హింస భరించలేక, మహాప్రవక్త (సల్లం) అనుమతితో, 80 మందికి పైగా ముస్లిములు ఎర్రసముద్రం దాటి అబిసీనియా చేరారు. ఇస్లాం చరిత్రలో మొదటి కాందిశీకులు వీరే. వారిని తిరిగి అప్పగించమని ఖురైషుల రాయబారులు కానుకలతో వచ్చారు. క్రైస్తవ రాజైన నజాషీ ఆ రాయబారుల మాట మీద తీర్పు చెప్పలేదు. కాందిశీకులను పిలిపించి, మీరే చెప్పుకోండన్నాడు. హజ్రత్ జాఫర్ బిన్ అబీ తాలిబ్ (రజి) లేచి తమ కథ తామే వినిపించారు. రాజు విన్నాడు, ఆశ్రయమిచ్చాడు. క్రైస్తవ దయకు ముస్లిముల స్మృతిలో ఉన్న అత్యున్నత ఉదాహరణ ఇదే. ఇందులో దయకు ముందు వినడం ఉన్నది. ఒక క్రైస్తవ విద్యాసంస్థను ఈ కొలతతో కొలవడం అన్యాయం కాదు.

కాథలిక్ విద్యారంగంలోనే ఈ లోపాన్ని గమనించినవారున్నారు. బోస్టన్ కళాశాలలోని మానవహక్కుల, అంతర్జాతీయ న్యాయ కేంద్రానికి చెందిన జెసూట్ పండితుడు డేవిడ్ హాలెన్‌బాక్ 2008లో కాందిశీకుల హక్కులపై ఒక సంపుటాన్ని వెలువరించాడు. ఆఫ్రికాను కేంద్రంగా పెట్టుకున్న ఆ గ్రంథం ప్రశ్నను మార్చింది. శిబిరంలో ఎంత ఆహారం పంచాలన్న ప్రశ్నకు తోడు, శిబిరం నుండి బయటకు నడిచే హక్కు, పనిచేసుకునే హక్కు కాందిశీకునికి ఎందుకు లేవన్న ప్రశ్న అక్కడ ముందుకు వచ్చింది. ఫోర్డమ్ వైద్యుని మార్గం, బోస్టన్ నీతిశాస్త్రజ్ఞుని మార్గం. రెండవ మార్గం లేకపోతే మొదటిది ఉపశమనం దగ్గరే ఆగిపోతుంది.

కారణాల విషయంలో ఫోర్డమ్ మౌనం కూడ ప్రస్తావించదగినది. 2001 అక్టోబరు 7న అమెరికా అఫ్గానిస్తాన్‌పై యుద్ధం ప్రారంభించింది. రెండు నెలలకు ఫోర్డమ్ సంస్థ ఏర్పడింది. 2003 మార్చిలో ఇరాక్ యుద్ధం మొదలైంది. అదే సంవత్సరం పైన చెప్పిన మూడు సంపుటాలు వచ్చాయి. ఆ ఆగస్టు 19న బాగ్దాద్‌లో ఐక్యరాజ్య సమితి కార్యాలయంపై జరిగిన బాంబు దాడిలో సెర్జియో వియేరా డి మెల్లో, ఆయన సహచరులు మరణించారు. ఆయన స్మృతికి అంకితంగా 2004లో ఫోర్డమ్ ఒక గ్రంథం ప్రచురించింది. నిరాయుధులైన సేవకులను చంపడం ఇస్లాం దృష్టిలో ఘోరమైన పాపం. దానిని నిస్సంకోచంగా ఖండించవలసిందే. కాని లక్షలాది ఇరాకీలను కాందిశీకులుగా మార్చిన యుద్ధం ఏ రాజధానిలో నిర్ణయించబడిందన్న ప్రశ్న, ఆ రాజధాని ఉన్న దేశంలోనే నడుస్తున్న విద్యాసంస్థ పాఠ్యప్రణాళికలో ముఖ్యాంశం కాలేకపోయింది.

సహాయకుడు తటస్థుడుగా ఉండాలన్నది దీనికి సాధారణంగా చెప్పే సమాధానం. శిబిరంలో అది నిజం. ఇరుపక్షాల తుపాకుల మధ్య నుండి ఆహారపు లారీ నడిపించవలసినవాడు ఎవరినీ నిందించలేడు. కాని విశ్వవిద్యాలయం లారీ నడపడం లేదు. సత్యాన్ని అన్వేషించడం దాని వృత్తి. కారణం చెప్పడానికి కాహిల్ వర్గానికి శక్తి లేదనడానికి వీలులేదు. 1995లో అతని సంపాదకత్వంలో వచ్చిన గ్రంథం మందుపాతరల నిషేధాన్ని గట్టిగా కోరింది. 1997లో ఒట్టావా ఒప్పందం కుదిరింది. ఆ ఒప్పందంలో అమెరికా చేరలేదు. మందుపాతర విషయంలో చూపిన ధైర్యం యుద్ధం విషయంలో ఎందుకు కొరవడిందన్న ప్రశ్న మిగిలే ఉన్నది.

హఖ్ అనే మాట

ఫోర్డమ్ సాహిత్యానికి మూలధాతువు కారుణ్యం. ఇస్లాం కారుణ్యాన్ని తక్కువ చేయదు. ప్రతి సూరాకూ (ఒక్కటి తప్ప) ముందుండే దైవనామాలే అందుకు సాక్ష్యం. కాని దీనుని విషయంలో ఖుర్ఆన్ మరొక మాటను చేర్చింది: హఖ్. జారియాత్ సూరా 19వ ఆయత్, మఆరిజ్ సూరా 24, 25 ఆయత్‌లు విశ్వాసుల సంపదలో యాచకునికీ, వంచితునికీ హక్కు ఉన్నదని తెలుపుతున్నాయి. దానం ఇచ్చినవాడు గొప్పవాడవుతాడు. హక్కు చెల్లించినవాడు ఋణం తీర్చుకున్నవాడు మాత్రమే అవుతాడు. ఈ భేదం చిన్నది కాదు. పుచ్చుకునేవాని తల వంగుతుందా, నిలుస్తుందా అన్నది దీని మీదనే ఉన్నది.

మదీనాలో ఈ సూత్రం ఆచరణలో కనిపించింది. 622లో మక్కా నుండి వట్టి చేతులతో వచ్చిన ముహాజిర్‌లను మహాప్రవక్త (సల్లం) అన్సార్‌లతో సోదరులుగా జతకూర్చారు. హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానన్నారు. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఆయనను దీవించి, బజారు ఎక్కడ ఉన్నదో చూపించమన్నారు. వెన్న, జున్ను అమ్మి తన కాళ్లపై నిలబడ్డారు. సహీహ్ బుఖారీలోని ఈ ఉదంతాన్ని వక్తలు అన్సార్ల త్యాగానికి ఉదాహరణగా చెప్తుంటారు. కాందిశీకుని వైపు నుండి కూడ దీనిని చదవాలి. ఇచ్చేవాని ఔదార్యం ఎంత గొప్పదైనా, పుచ్చుకునేవాడు కోరినది బజారు దారి.

వ్యవస్థ కూడ ఇస్లాం చరిత్రకు కొత్త కాదు. హజ్రత్ ఉమర్ (రజి) దీవాన్ అనే జాబితా ఏర్పాటుచేసి ప్రజలకు బైతుల్‌మాల్ నుండి భత్యాలు నిర్ణయించారు. బిచ్చమెత్తుతున్న ఒక వృద్ధ యూదునికి భత్యం ఏర్పాటుచేసిన సంగతి ఇమాం అబూ యూసుఫ్ 'కితాబుల్ ఖరాజ్'లో ఉన్నది. ఆధునిక కాలంలో, 1860లోనే, ఉస్మానీ ప్రభుత్వం క్రిమియా, కాకసస్ ప్రాంతాల నుండి రష్యా ధాటికి పారిపోయి వచ్చినవారి పునరావాసానికి 'ముహాజిరీన్ కమిషన్' నియమించింది. ఐరోపాలో నానాజాతి సమితి కాందిశీకుల కమిషనరును నియమించినది 1921లో. 2009లో ఐక్యరాజ్య సమితి కాందిశీకుల సంస్థ స్వయంగా కైరో విశ్వవిద్యాలయ న్యాయాచార్యుడు అహ్మద్ అబుల్ వఫా గ్రంథాన్ని వెలుగులోకి తెచ్చింది. ఆశ్రయం కోరినవానికి షరీఅత్ ఇచ్చే రక్షణ, ఆధునిక అంతర్జాతీయ చట్టం కంటె ఏ విధంగానూ తీసిపోదని ఆ గ్రంథం నిరూపించడానికి పూనుకున్నది.

ముస్లిముల లెక్క

ఇంతవరకు చెప్పినది ఫోర్డమ్ వారి లెక్క. ముస్లిముల లెక్క కూడ అంతే నిష్పాక్షికంగా చూడకపోతే ఈ విమర్శకు విలువ ఉండదు.

2024 చివరి నాటికి లోకంలోని కాందిశీకులలో 73 శాతం మందికి తక్కువ, మధ్యస్థ ఆదాయం గల దేశాలే ఆశ్రయమిచ్చాయి. వాటిలో ముస్లిం దేశాలు అనేకం. బంగ్లాదేశ్, జోర్డాన్, లెబనాన్, పాకిస్తాన్ దశాబ్దాలుగా మోసిన బరువును ఎవరూ తక్కువ చేయలేరు. కాని 1951 నాటి కాందిశీకుల ఒప్పందంలో ఈ నాలుగు దేశాలూ చేరలేదు. సౌదీ అరేబియా, మలేసియా, ఇండోనేసియాలు కూడ చేరలేదు. ఆశ్రయం దయగా ఇవ్వబడింది, హక్కుగా వ్రాయబడలేదు. దయను ఎప్పుడైనా వెనుకకు తీసుకోవచ్చు. 2023 శరత్కాలంలో పాకిస్తాన్ ప్రభుత్వం పత్రాలు లేని అఫ్గానులను వెళ్లిపొమ్మని ఆదేశించినప్పుడు, కొద్ది నెలలలో లక్షలాదిమంది సరిహద్దు దాటవలసివచ్చింది. వారిలో పాకిస్తాన్‌లోనే పుట్టి పెరిగినవారూ ఉన్నారు. హఖ్ అనే మాటను ప్రపంచానికి బోధించే సమాజం దానిని తన చట్టంలో వ్రాసుకోలేదన్నది చేదు నిజం.

దూరదేశాల సంగతి అటుంచి హైదరాబాదు సంగతి చూడవచ్చు. బాలాపూర్ పరిసరాలలో కొన్ని వేలమంది రోహింగ్యాలు ఏళ్ల తరబడి నివసిస్తున్నారు. భారతదేశం కూడ 1951 ఒప్పందంలో చేరలేదు కనుక వారికి చట్టరీత్యా స్థిరమైన హోదా లేదు. రమజాన్ మాసంలో నగరంలో జకాత్ విరివిగా పంచబడుతుంది. బస్తీలకు బియ్యం, బట్టలు చేరుతాయి. ఇచ్చేవారి చిత్తశుద్ధిని శంకించడానికి కారణం లేదు. కాని షవ్వాల్ నెలలో ఆ బస్తీ నీటికి ఏమి చేస్తున్నది? ఎంతమంది పిల్లలకు తట్టుకు టీకా పడింది? ఏ కుటుంబం ఎవరికి ఎంత వడ్డీకి బాకీ ఉన్నది? ఈ వివరాలు వ్రాసిన పుస్తకం ఎన్ని సంఘాల దగ్గర ఉన్నది?

మదరసాలలో 'హిదాయా' గ్రంథంలోని జకాత్ అధ్యాయం శ్రద్ధగా బోధించబడుతుంది. నిసాబ్ ఎంత, ఏ పశువుకు ఎంత, ఎవరికి ఇవ్వవచ్చు, ఎవరికి ఇవ్వరాదు అన్నవి విద్యార్థికి కంఠస్థం. ఆ విద్యార్థిని ఒక బస్తీకి పంపి, ఎనిమిది వర్గాలలో ఎవరు ఏ వర్గానికి చెందుతారో ఇంటింటికీ తిరిగి వ్రాసుకురమ్మనడం అరుదు. ఆమిలీన్ — జకాత్‌ను వసూలుచేసి పంచే పనివారు — కూడ ఆ ఎనిమిది వర్గాలలో ఒకరని ఖుర్ఆన్ చెప్పింది. వారి వేతనం జకాత్ నుండే ఇవ్వవచ్చని అంగీకరించడంలోనే ఇది శిక్షణ గల వృత్తి అన్న భావం ఉన్నది. కాహిల్ 1997లో కనుగొన్న సూత్రానికి ఆధారం ముస్లిముల దివ్యగ్రంథంలో పధ్నాలుగు శతాబ్దాలుగా ఉన్నది. పాఠశాల మాత్రం న్యూయార్క్‌లో వెలసింది.

చేయవలసిన పని

ఫోర్డమ్ సంస్థ నుండి గ్రహించవలసినది క్రమశిక్షణ. నీటి కొలత, టీకా పట్టిక, ఖర్చు లెక్క, తప్పు జరిగితే ఒప్పుకునే జవాబుదారీ — వీటిని ఎవరి దగ్గర నుండి నేర్చుకున్నా దోషం లేదు. ఆ సంస్థకు ఇస్లామీయ విజ్ఞానం అందించగలిగినవి మూడు: అప్పును పేదరికంలో ఒక భాగంగా గుర్తించడం, సహాయాన్ని హక్కుగా చూడడం, కాందిశీకుని దర్బారులో నిలబెట్టి ఆయన మాట ముందు వినడం. ఈ మూడింటినీ ఇతరులకు ఉపదేశించే ముందు తమ ఊరిలో ఆచరించి చూపడం ముస్లిం సంఘాల విధి.

అందుకు విశ్వవిద్యాలయం కట్టనవసరం లేదు. జకాత్ వసూలుచేసే సంఘం పది మంది యువకులకు, పది మంది యువతులకు ఒక నెల శిక్షణ ఇప్పించవచ్చు. ఒక వైద్యుడు, ఒక న్యాయవాది, ఒక ఆలిం, లెక్కలు తెలిసిన ఒక ఉద్యోగి చాలు. వారు ఒక్క బస్తీ జాబితాను తయారుచేసి, సంవత్సరం పొడవునా దానిని సరిచూస్తుండాలి. ఆ జాబితా వ్రాసేటప్పుడు బస్తీ నివాసులలో ఇద్దరు ముగ్గురు బల్లకు ఇటువైపు కూర్చొని ఉండాలి. పంపిణీ ఎట్లా జరగాలో వారిని అడగాలి. బియ్యం మూట బదులు కుట్టుమిషనో, తోపుడు బండో, పాత బాకీ తీర్పో కావాలని వారంటే, అది అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) కోరిన కోరికేనని గుర్తించి ఆ దారి చూపించాలి.